పంపు విప్పకముందు, చిన్నమామను అనుమానించకముందు

జగిత్యాల వైపు ఒక పల్లె నుంచి ఓ చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయట పెట్టొద్దన్నారు. భర్త పన్నెండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నారు. ఆయన పంపిన డబ్బుతో 2015లో 47 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల ట్రాక్టర్ కొన్నారు. సొంత పొలం ఐదెకరాలు, మిగతా రోజుల్లో బండి కిరాయికి తిరుగుతుంది. నడిపేది ఆమె మామగారి తమ్ముడు. ఎండాకాలం రెండు నెలలు బండి కొట్టంలోనే ఉంది. తొలకరికి బయటికి తీసినప్పటి నుంచి తిప్పలు మొదలయ్యాయి. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. అంటుకున్నాక పావుగంట, ఇరవై నిమిషాలు బాగానే లాగుతుంది, ఆ తర్వాత బలం తగ్గి మడి మధ్యలో ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ అంటుకుంటుంది. మెకానిక్ రెండుసార్లు ఎయిర్, అంటే డీజిల్ పైపుల్లో చిక్కిన గాలి, తీశాడు. మూడోసారి వచ్చి, పంపు (నాజిళ్లకు ఒత్తిడితో డీజిల్ నెట్టేది) పోయింది, విప్పి పట్నం పంపాలి, ముప్పై వేలు చూసుకోండి అన్నాడు.

దీనికి తోడు ఇంకో గొడవ. దమ్ముకి గంటకు ఐదు లీటర్లు తాగే బండి ఇప్పుడు ఏడు దాటుతోంది. లెక్క విన్న భర్త ఫోన్‌లో, చిన్నాయన డీజిల్ అమ్ముకుంటున్నాడు, మాన్పించు అన్నారు. ఆ మాట ఆ పెద్దాయన చెవిన పడింది. మూడు రోజులుగా ఆయన ఆ ఇంట్లో అన్నం ముట్టడం లేదు.

ఉత్తరం చివర్లో, పెద్దగా పట్టించుకోవాల్సినవి కావన్నట్టు, ఇంకొన్ని సంగతులు రాశారు. డీజిల్ రెండు 200 లీటర్ల డ్రమ్ముల్లో వంటింటి వెనక గదిలో ఉంటుంది. గోడకు అవతల పిల్లలు పడుకుంటారు. డ్రమ్ములోంచి తీసేటప్పుడు చిన్నమామ పైపు పెట్టి నోటితో పీలుస్తారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు, ఎయిర్ తీస్తుంటే సాయానికి వెళ్లి, నాజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కు) పైపు నట్టు దగ్గర చిమ్ముతున్న డీజిల్‌ను వేలితో అదిమాడు. వేలి కొసన ఎర్రచుక్క వచ్చింది, నొప్పి లేదంటే పసుపు పెట్టారు. ట్యాంకు కింది అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తోంది, వెల్డింగ్ షాపులో అతికిస్తామంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. పంపు విప్పించాలా? చిన్నమామను మాన్పించాలా? ఇవన్నీ ఎందుకని బండి అమ్మేయాలా?

అమ్మా, ఆ మూడింటి కంటే ముందు మీ అబ్బాయి వేలు చూడండి. వాపు, బిగుసుకున్నట్టు ఉండటం, తిమ్మిరి, రంగు మారడం, మడిస్తే నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి. ఏమీ లేకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించి, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగండి. మీ బండి లాంటి పాత పద్ధతి ఇంజిన్‌లో నాజిల్ తెరుచుకునే ఒత్తిడే దాదాపు 200 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి రెండు వందల రెట్లు, ఉంటుంది. చర్మంలోకి దూరడానికి అందులో చిన్న వంతు చాలు. వెంట్రుకంత సన్నటి ధార చర్మాన్ని చీల్చినట్టు కూడా తెలియకుండా లోపలికి వెళ్లి, వేలి లోపలి పొరల వెంట అరచేతి దాకా పాకుతుంది. మొదట సూది గుచ్చినంత చుక్క, నొప్పి దాదాపు ఉండదు. అందరూ మోసపోయేది అక్కడే. కొన్ని గంటలకు వేలు ఉబ్బి, లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది. మొదటి ఆరు గంటల్లో ఆపరేషన్ చేసి లోపలి డీజిల్‌ను కడిగేస్తే వేలు నిలిచే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. ఇక ముందు ఎవరికి ఇలా జరిగినా పసుపు, కాపడం, పిసకడం, గట్టిగా కట్టడం ఏదీ చేయొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర ఆగొద్దు. ప్లాస్టిక్ సర్జన్ గాని, చేతి ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరు గాని ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లి, "ప్రెజర్‌తో డీజిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి. చిన్న గాయం అనుకుని వాళ్లు బయట కూర్చోబెట్టకుండా ఉంటారు.

లీకు ఎక్కడో తెలియాలంటే అట్టముక్క చాలు. ఇంజిన్ నడుస్తుంటే, చేయి దూరంగా ఉంచి, పాత అట్టపెట్టె ముక్కను పైపు వెంట జరపండి. తడి పడిన చోటే లీకు. చేతి తొడుగులు ఆ ధారను ఆపలేవు. లీకు కనిపించాక ఇంజిన్ ఆపి బిగించాలి, నడుస్తుండగా నట్టు మీద స్పానర్ పెట్టొద్దు.

ఇక గది. గుజరాత్ రిఫైనరీ డీజిల్ అయినా విశాఖ రిఫైనరీ డీజిల్ అయినా భారతీయ ప్రమాణం ఒక్కటే: దాని ఆవిరి నిప్పు అందుకునే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలి. మనకు దొరికే డీజిల్‌లో ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు, కానీ మే నెలలో మీ వైపు నీడలోనే 44, 45 డిగ్రీలు. కిటికీ మూసిన గది, గోడ అవతల గ్యాస్ పొయ్యి, నిద్రలో పిల్లలు. చట్టం సంగతి అడిగితే, 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ తరగతి ఇంధనం ఒకచోట 2500 లీటర్లు దాటకుండా, ఒక్కో పీపా 1000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మీ 400 లీటర్లు ఆ లెక్కలోకి రావు. లైసెన్సు అక్కర్లేనంత మాత్రాన వంటింటి వెనక పెట్టుకోవచ్చని కాదు. ఈ వారంలోనే డ్రమ్ములు బయటికి తీయించండి. ఇంటికి, గడ్డివాముకు, మోటారు స్టార్టర్ డబ్బాకు నలభై అడుగుల దూరం దొరికితే మంచిది. పైన రేకు, చుట్టూ గాలి ఆడేలా నాలుగు గుంజల పందిరి చాలు. పక్కన బకెట్టు ఇసుక, ఒక 6 కిలోల పొడి రకం మంటలార్పే సిలిండర్ ఉంచండి. డీజిల్ మంట మీద నీళ్లు పోస్తే అది నీటిపై తేలుతూ ఇంకా పాకుతుంది.

చిన్నమామ నోటితో పీల్చడం ఇవాళ్టితో ఆగాలి. మింగిన గుక్క కంటే ఊపిరితిత్తుల్లోకి జారిన చుక్క చేసే చెడు ఎక్కువ, న్యుమోనియా లాంటి జబ్బు తెస్తుంది. ఎప్పుడైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు మన దగ్గర ఉంది. అది చేయొద్దు, కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డ్రమ్ముకు బిగించి చేత్తో తిప్పే పంపులు హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి.

ట్యాంకుకు వెల్డింగ్ మాట వద్దే వద్దు. డీజిల్ నిండా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ చేసిన ట్యాంకే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి, గాలి కలిసి పేలుతాయి. నీళ్లతో ఒకసారి కడిగితే సరిపోదు. ట్యాంకులు, రేడియేటర్లు బాగుచేసే షాపులో విప్పి ఇచ్చి, ఆవిరితో కడిగి చేసే వాళ్లతోనే చేయించాలి, లేదా కొత్త ట్యాంకు వేయించాలి. అప్పటిదాకా బయట శుభ్రంగా తుడిచి ఎపాక్సీ ముద్ద వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది, కానీ రోజూ చూసుకోవాలి.

ఇప్పుడు బండి. మీరు రాసిన లక్షణాల్లో ఒకటి చాలా మాట్లాడుతోంది: ఆగాక పది నిమిషాలు వదిలితే మళ్లీ అంటుకోవడం. పంపు లోపల డీజిల్‌ను నెట్టే కడ్డీ, అంటే ప్లంజర్, అరిగితే సాధారణంగా కథ తలకిందులుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అంటుకుని, వేడెక్కి డీజిల్ పలచబడ్డాక ఆపి మళ్లీ కొడితే మొరాయిస్తుంది. మీ బండి వేడి మీదే, కాస్త ఆగితే, మళ్లీ నడుస్తోంది. అంటే పంపు దాకా డీజిల్ సరిగ్గా రావడం లేదు. ట్యాంకులో తేలే చెత్త, ఆకు ముక్క, జిగురు ఏదో బయటికి పోయే రంధ్రం దగ్గర కూరుకుంటుంది. లాగడం ఆగగానే వదులై తేలిపోతుంది. రెండు నెలలు సగం ఖాళీగా నిలబడిన ట్యాంకులో ఇది మామూలే. పగటి వేడికి గాలి బయటికి, రాత్రి చల్లదనానికి తేమ గాలి లోపలికి, గోడల మీద చెమ్మ పట్టి కిందికి జారుతుంది. నీరు అడుగున చేరుతుంది, ఆ నీటికి డీజిల్‌కు మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. మీ డ్రమ్ములు కూడా ఇందులో భాగస్తులు కావచ్చు. బయటికి తీశాక వానలో తడవనిస్తే, డ్రమ్ము పైన నిలిచిన నీళ్లను, రాత్రి చల్లబడేటప్పుడు బిరడా మరల సందుల్లోంచి డ్రమ్మే పీల్చుకుంటుంది. ఎంత గట్టిగా బిగించినా ఇది జరుగుతుంది.

అయితే ఇది మా ఊహ, బండి చూడలేదు. కాబట్టి ఊహను పరీక్షకు పెట్టండి, ఖర్చు లేని పరీక్ష నుంచి మొదలుపెట్టి.

మొదటిది ట్యాంకు మూత. బండి బలం తగ్గుతున్నప్పుడు మూత వదులు చేయమనండి. సుయ్‌మని గాలి లోపలికి పోయి ఇంజిన్ తేరుకుంటే, మూతలో ఉండే గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. దానికి పెట్టే ఖర్చు ఒక పిన్నీసు.

రెండోది గాజు సీసా. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున సెల్ఫ్ కొట్టకముందు, ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి ఒక లీటరు సీసాలో పట్టండి. ఫిల్టర్ కింది గాజు గిన్నె లోనిది మరో సీసాలో, డ్రమ్ము అడుగు నుంచి తీసింది ఇంకో సీసాలో. అరగంట అలా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు, నల్ల పోగులు ఉంటే జిగురు, ఎర్రటి పొడి తుప్పు. మసగ్గా ఉండి తేరకపోతే కలిసిపోయిన నీరు. మూడు సీసాల మీద ఎక్కడిదో రాసి పెట్టండి, నీరు డ్రమ్ములో మొదలైందా, ట్యాంకులో మొదలైందా అక్కడే తేలిపోతుంది. ఈ సీసాలు తర్వాత మీ ఆయనకు ఫొటో తీసి పంపడానికి కూడా పనికొస్తాయి.

మూడోది అసలైన పరీక్ష. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు (ట్యాంకులోంచి డీజిల్ లాగి ఫిల్టర్లకు, పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) వచ్చే గొట్టం విప్పి, శుభ్రమైన ఐదు లీటర్ల క్యానులో కొత్త డీజిల్ పోసి, దాన్ని పంపు కంటే ఎత్తులో, సైలెన్సర్‌కు దూరంగా, కదలకుండా కట్టి, అక్కడి నుంచి ఫీడ్ పంపుకు గొట్టం ఇవ్వాలి. మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా ఆ క్యానులోకే పెట్టమనండి, లేదంటే క్యాను తొందరగా ఖాళీ అవుతుంది. ఇంటి ముందు నిలబెట్టి, ఇంజిన్ మీద కాస్త భారం వేసి గంటసేపు నడపండి. ఆగకపోతే దోషం ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకే ఉంది: ట్యాంకు లోపలి జాలీ, గొట్టం, లేదా గొట్టానికి పడిన సన్నటి పగులు. పీల్చే వైపు పగిలిన గొట్టంలోంచి చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. మెకానిక్ రెండుసార్లు ఎయిర్ తీసినా మళ్లీ పట్టిందంటే ఎక్కడో గాలి దూరుతోంది. దాన్ని మూయకుండా ఎయిర్ తీయడం, కన్నం ఉన్న బిందెను నింపడమే. క్యానుతో కూడా అదే తీరుగా ఆగితే ఫిల్టర్, ఫీడ్ పంపు చూడాలి. అవి కూడా బాగుంటే, అప్పుడు, పంపు మాట.

నాలుగోది ఆయిల్ గేజి. ఇంజిన్ ఆపి పావుగంటయ్యాక గేజి తీసి చూడండి. మట్టం మొన్నటికంటే పెరిగిందా? డీజిల్ వాసన వస్తోందా? వస్తే బండి నడపడం అక్కడితో ఆపండి. పొర చినిగిన ఫీడ్ పంపు నుంచో, కొన్ని రకాల ఇంజెక్షన్ పంపుల నుంచో డీజిల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడి బేరింగులు పోతాయి, మట్టం మరీ ఎక్కితే ఆ కలగలుపే తాగుతూ ఇంజిన్ ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. మీ లెక్కలో తగ్గిన డీజిల్ పోయిన దారుల్లో ఇది కూడా ఒకటి కావచ్చు.

రెండోదాంట్లో చెత్తో నీరో బయటపడితే, లేదా మూడోదాంట్లో బండి ఆగకుండా నడిస్తే, ట్యాంకు కడగాలి. పాత డీజిల్ అంతా ఇనుప పీపాలోకి దించండి. అడుగు జాలీ విప్పించి, శుభ్రమైన డీజిల్ నాలుగైదు లీటర్లు పోసి కలియబెట్టి దించాలి, తేరగా వచ్చేదాకా. పెట్రోలు వాడొద్దు, నీళ్లు అసలే వద్దు. దించిన మురికిని గట్టు మీదో బావి పక్కనో పారబోయకండి, మీరు తాగే నీళ్లలోకే చేరుతుంది. తేర్చిన భాగం పాత ఆయిల్ కొనేవాళ్లు తీసుకుంటారు. జిగురు ఎక్కువగా ఉంటే డీజిల్‌లో వేసే క్రిమి మందులు ఉన్నాయి, డబ్బా మీద రాసిన కొలతే వాడాలి, చేతికి తగలకుండా. చచ్చిన జిగురు మళ్లీ ఫిల్టర్‌కే చేరుతుంది, కాబట్టి ఒక జత ఫిల్టర్లు అదనంగా దగ్గర పెట్టుకోండి.

రెండు ఫిల్టర్లూ మార్చండి, రబ్బరు రింగులు, రాగి వాషర్లు కొత్తవే. నలిగిన వాషర్‌ను మళ్లీ బిగిస్తే అక్కడే గాలి దూరుతుంది. కొత్త ఫిల్టర్‌లో క్యానుతో డీజిల్ నింపి బిగించే అలవాటు చాలామందికి ఉంది. వడకట్టని ఆ డీజిల్ ఫిల్టర్ శుభ్రమైన వైపునుంచి నేరుగా పంపులోకి పోతుంది. పంపు ప్లంజర్‌కు, దాని గొట్టానికి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో దాదాపు పాతికో వంతు. ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడటానికి. ఖాళీగానే బిగించి, హ్యాండ్ ప్రైమర్‌తో, అంటే ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే లివర్‌తో, నింపాలి.

ఎయిర్ తీసే పద్ధతి మీరు కూడా తెలుసుకుంటే మెకానిక్ కోసం మడి గట్టున సగం రోజు కూర్చోవాల్సిన పని ఉండదు. చీర కొంగు నడుముకు గట్టిగా బిగించండి, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ, బీడీ ఉండకూడదు, ఇంజిన్ చల్లగా ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. ట్యాంకులో కనీసం సగం డీజిల్ ఉండాలి. మొదటి ఫిల్టర్ పైన ఉన్న గాలి వదిలే బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి ప్రైమర్ కొట్టండి. ముందు నురగ వస్తుంది, ఆ తర్వాత బుడగల్లేని ధార. ప్రైమర్ కొడుతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత రెండో ఫిల్టర్, ఆపైన పంపు మీది స్క్రూ, అదే వరస. ప్రైమర్ లివర్‌కు ఒత్తే రాకపోతే అది చెడిందని కాదు. లోపల దాన్ని నెట్టే క్యామ్ పైకి ఉండిపోయింది, ఇంజిన్‌ను కాస్త తిప్పితే లివర్‌కు పట్టు వస్తుంది. చివరికి నాజిల్ దగ్గరి పైపు నట్లు అరచుట్టు మాత్రమే వదులు చేసి, థ్రాటిల్ నిండా ఉంచి, ముఖం, చేతులు దూరంగా పెట్టుకుని, గుడ్డ కప్పి, ఒకరు సెల్ఫ్ కొట్టాలి. పది సెకన్లకు మించి ఒక్కసారికి కొట్టకండి, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి, లేదంటే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. నట్ల సందుల్లోంచి ఎగిరిపడే డీజిల్ వచ్చాక సెల్ఫ్ ఆపి నట్లు బిగించాలి. మీ అబ్బాయి వేలు పెట్టింది ఇక్కడే. ఈ ఒక్క అంచెలో పిల్లలెవరూ బండి చుట్టూ ఉండకూడదు.

ఇదంతా మీ 2015 బండికే. 50 హార్స్‌పవర్ దాటిన కొత్త బండ్లలో 2023 నుంచి కామన్ రైల్ పద్ధతి (అన్ని నాజిళ్లకూ ఒకే పైపులో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచేది) వచ్చింది. వాటిలో ఒత్తిడి 1000 బార్ దాటి ఉంటుంది, నాజిల్ నట్లు వదులు చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మీ వైపు ఎవరికైనా కొత్త బండి ఉంటే ఈ మాట కూడా చెప్పండి.

ఇవి చేశాక కూడా బండి తీరు మారకపోతే పంపు, నాజిళ్లు విప్పించండి, అప్పుడు ముప్పై వేలు వృథా కాదు. నాజిళ్లను ముందు పరీక్ష యంత్రం మీద పెట్టించమనండి: ఎంత ఒత్తిడికి తెరుచుకుంటోంది, పొగలా చిమ్ముతోందా, చుక్కలుగా కారుతోందా మీ కళ్ల ముందు చూపించాలి. దీనికి పంపు విప్పక్కర్లేదు. పంపు మీది సీలు ఎవరినీ తెంపనివ్వకండి. అది తెంపి డీజిల్ పెంచితే బలం వచ్చినట్టే ఉంటుంది, నల్లపొగ, కాలిన పిస్టన్ తర్వాత వస్తాయి. సరే, ఈ పరీక్షలేవీ చేయకుండా నేరుగా పంపు విప్పిస్తే? దానిదేదో కొంచెం అరిగి ఉంటుంది, వాళ్లు మారుస్తారు, బండి వారం నడుస్తుంది. మురికి ట్యాంకు అలాగే ఉంటుంది కాబట్టి కొత్త ప్లంజర్‌కు అదే నీరు పోతుంది. నాట్ల నడుమ బండి షాపులో ఉండి పోయే కిరాయి వేరే లెక్క.

ఇక చిన్నమామ. ముందు అంకెలు చూద్దాం, మనుషుల్ని తర్వాత. 47 హార్స్‌పవర్ ఇంజిన్ నిండు భారం మీద గంటకు దాదాపు పది లీటర్లు తాగగలదు. లోతు దమ్ములో, కేజ్‌వీల్స్ కూరుకుపోయే చోట ఏడు, ఎనిమిది అసాధ్యమేమీ కాదు. పొడి నేలలో కల్టివేటర్‌కు నాలుగైదు సరిపోతుంది. మునుపు ఐదు అన్నది కూడా ఇంతే లోతు దమ్ములోనా? మీ బండిలోది పాత రకం తిరిగే మీటరు అయితే అది గడియారం కాదు, ఇంజిన్ తిరుగుళ్లు లెక్కపెడుతుంది. నిర్ణీత వేగంలో ముప్పావు వంతుకే నడిపితే గడియారం గంట అయినా మీటరు ముప్పావు గంటే చూపిస్తుంది, అప్పుడు లీటర్లు ఎక్కువైనట్టు కనిపిస్తాయి. పైగా ఎయిర్ పట్టి ఆగి ఆగి నడిచే బండి, కారే నాజిలు, మట్టి పట్టిన గాలి ఫిల్టర్, చెమ్మ కారే ట్యాంకు అతుకు, ఇవన్నీ లీటర్లు తినేవే. కాబట్టి ఏడు లీటర్ల లెక్క ఒక్కటి పట్టుకుని దొంగతనమని చెప్పలేం. లేదని కూడా ఈ ఉత్తరం నుంచి మేం చెప్పలేం.

చెప్పగలిగేది కొలత ఒక్కటే. బండి బాగుపడ్డాక, చదునైన చోట నిలబెట్టి ట్యాంకు అంచుదాకా నింపండి. ఒకే రకం పని, ఒకే మడి, గడియారం చూసి మూడు గంటలు. తెచ్చి అదే చోట నిలబెట్టి, లీటరు కొలతతో మళ్లీ అంచుదాకా నింపండి. పోసిన లీటర్లను మూడుతో భాగించండి. దమ్ముకి ఒకసారి, ట్రాలీ తోలడానికి ఒకసారి, రోటవేటర్‌కు ఒకసారి చేసి నోటుపుస్తకంలో రాయండి. ఇది చిన్నమామ మీద నిఘాలా కాకుండా, ఆయనతోనే చేయించండి. పెట్రోలు బంకులో కూడా కొలతమీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలపాత్రతో చూపించమని అడిగే హక్కు మీకుంది. మీ డ్రమ్ములోకి వచ్చేటప్పుడే తగ్గితే ఆ నేరం కూడా ఆయన మీదే పడుతోంది కదా.

ఆ లెక్క ఐదున్నర, ఆరు దగ్గర ఆగి, రోజువారీ వాడకం మాత్రం ఏడుకు పైనే ఉంటే, అప్పుడు ఆయనను కూర్చోబెట్టి అడగొచ్చు. కుటుంబ పెద్దాయనకు ఏదో డబ్బు అవసరం పడి, అడగలేక చేసి ఉండొచ్చు కూడా. జీతం ఇస్తున్నారా, తిండి మీదే నడిపిస్తున్నారా అన్నది మీరు రాయలేదు. ఇవ్వకపోతే గంటకింత అని మాట్లాడుకోవడం న్యాయం. లెక్క సరిపోతే, మీ ఆయన ఫోన్ చేసి చిన్నాయనతో స్వయంగా మాట్లాడాలి. మీరు మధ్యలో ఉండి చెబితే ఆ మాట బరువు రాదు.

ఇప్పుడే మాన్పిస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. కొత్త డ్రైవర్ అదే మురికి ట్యాంకు మీద ఎక్కుతాడు, బండి అలాగే ఆగుతుంది, డీజిల్ లెక్క అలాగే ఉంటుంది. మీకు చిన్నమామతో మాట పోయి ఉంటుంది, నిజమేదో మాత్రం తేలదు. అమ్మకం సంగతి కూడా అంతే: ఆగి ఆగి నడిచే బండికి వచ్చిన బేరగాడు పంపు ఖర్చు తీసేసి ధర చెబుతాడు. ఐదెకరాలకు ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకోవడం మీకు గిట్టుబాటు అనిపిస్తే, అమ్మండి, తప్పులేదు. కానీ ముందు నడిపించి, నోటుపుస్తకం లెక్క చేతిలో పెట్టుకుని, సీజను అయిపోయాక అమ్మండి.

బాగుపడిన తర్వాత రోజూ చూసుకోవాల్సింది తక్కువే. పొద్దున సెల్ఫ్ కొట్టకముందు గాజు గిన్నె కింది స్క్రూ వదిలి నీరుంటే దించేయడం, ఆయిల్ గేజి చూడడం. సాయంత్రం పని దిగగానే ట్యాంకు నింపి పెట్టడం, రాత్రి చెమ్మకు ఖాళీ దొరక్కుండా. ఫిల్టర్లు బండి పుస్తకంలో రాసిన గంటలకు మార్చడం, మీ వైపు దుమ్ముకు దాని కంటే కొంచెం ముందే మార్చినా నష్టం లేదు. డ్రమ్ము నింపిన రోజే తోడకుండా ఒక రోజు తేరనివ్వడం, కుళాయి అడుగుకు మూడు అంగుళాల పైన ఉండేలా బిగించి, డ్రమ్మును వెనక్కి కాస్త వాల్చి పెట్టడం. జింకు పూత ఉన్న పీపాలు డీజిల్‌కు వాడొద్దు, ఆ పూత డీజిల్‌తో కలిసి జిగురు పదార్థాలు తయారవుతాయి. చలికి అంటుకోకపోతే పెట్రోలు కలపడం, పెట్రోలులో ముంచిన గుడ్డ గాలి ఫిల్టర్ దగ్గర పెట్టడం ఎవరు చెప్పినా చేయకండి. వచ్చే ఎండాకాలం బండి రెండు నెలలు నిలబెట్టాల్సి వస్తే ట్యాంకు అంచుదాకా నింపి, పదిహేను రోజులకోసారి ఇంజిన్ వేడెక్కేదాకా నడపమనండి.

ముందు అబ్బాయిని డాక్టరుకు చూపించి వచ్చాక, ఈ ఆదివారం చిన్నమామను పిలిచి ఆ మూడు సీసాలు ఆయన చేతనే పట్టించండి. అడుగున నీళ్లు కనబడితే ఆ ఫొటో రాత్రికి మీ ఆయనకు పంపండి. పెద్దాయన ఆ రోజు మీ ఇంట్లో భోజనం చేయకపోయినా, మీరు మాత్రం వడ్డించి పిలవండి.